చివరి చరణంలో పేరు

పొద్దు నడినెత్తికి వచ్చినా పంతులుగారింట పొయ్యిలో పిల్లి లేవలేదు. మిషను దొరగారి విందుకని సంఘ పెద్ద యెహెజ్కేలు తెచ్చి ఇచ్చిన కోడిపుంజు గంప కింద నిక్షేపంగా కూస్తూనే ఉంది. సాయంత్రం నాలుగింటికి దొరగారి పడవ కాలువ రేవుకు వస్తుంది. ఇల్లాలు సంపూర్ణమ్మ మాత్రం వంటింటి గడప మీద కూర్చుని, ఒళ్లో కొత్త పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. పొద్దున గుడిలోంచి వచ్చి ఎలా కూర్చుందో ఇప్పుడూ అలాగే ఉంది.

“లేస్తావా, లేవవా?” అన్నాడు జ్ఞానప్రకాశం పంతులు. అలా అడగడం నాలుగోసారి.

“ఇది చదవండి.”

“ఏం చదవమంటావు?”

“ఈ చివరి చరణం. మీ నోటితో చదవండి. పొద్దున్న గుడిలో నా చెవులే సరిగ్గా వినలేదేమో.”

పంతులు పుస్తకం వైపు చూడలేదు. భుజం మీది కండువా తీసి దండెం మీద వేశాడు. మళ్లీ దాన్నే తీసి భుజాన వేసుకున్నాడు.

“మీరు చదవకపోతే నేనే చదువుతాను, వినండి. ‘నారు పట్టిన చేతులెత్తి, నడుము వంగిన నన్ను చూసి, జ్ఞానప్రకాశు పాట వినవయ్యా.’ ఏవండీ, మీరెప్పుడు నారు పట్టారండీ? బెత్తం తప్ప మీ చేత్తో ఇంకోటి పట్టగా నేను చూళ్లేదే!”

ఇంకో రోజైతే ఆ మాటకు పంతులు తనే ముందు నవ్వేవాడు. అతనికి భార్య ఎత్తిపొడుపులంటే ముచ్చట కూడాను. ఇవాళ నవ్వు రాలేదు, ఆమె నవ్వించడానికి అననూ లేదు.

పొద్దున జరిగిన భాగోతం సంఘం అంతా చూసింది. రాజమండ్రి అచ్చుకూటం నుంచి కొత్త పాటల పుస్తకాలు శనివారం పడవలో దిగాయి. ఆదివారం ఆరాధనలో వాటిని మొదటిసారి తెరిచారు. ఈ పాట వాళ్లకు కొత్తదేం కాదు. సంపూర్ణమ్మ ఈ ఊరు వచ్చిన పదమూడేళ్ల నుంచీ నేర్పుతున్నదే. అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా అది కంఠతా వచ్చు. పాట కట్టినవాళ్ల పేరు చివరి చరణంలో పెట్టడం ఆనవాయితీ కదా, అందరూ కళ్లు మూసుకుని ‘ఏసమ్మ పాట వినవయ్యా, ఏరు దాటింప రావయ్యా’ అని పాడేస్తారు.

ఇవాళ పుస్తకం చూసి పాడినవాళ్లు పదిమంది, చూడకుండా పాడినవాళ్లు నలభైమంది. ఆ పదిమందీ ‘జ్ఞానప్రకాశు’ అన్నారు, ఈ నలభైమందీ ‘ఏసమ్మ’ అన్నారు. అయిదు మాత్రల పేరున్న చోట ఎనిమిది మాత్రల పేరు ఎలా పడుతుంది? తాళం తప్పింది. మద్దెల మీద యెహెజ్కేలు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎవరికి వాళ్లు ఆగి పక్కవాళ్ల మొహాలు చూసుకున్నారు. సంపూర్ణమ్మ పక్కనున్న పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కుని చూసింది, చూసి ఇంటికి వచ్చేసింది. ప్రార్థన మధ్యలో పంతులమ్మ లేచి వెళ్లిపోవడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

“దొరగారికి ఆ పేరు మీద అభ్యంతరం వచ్చింది,” అన్నాడు పంతులు చివరికి.

“పేరుకేమొచ్చింది?”

“ఏసమ్మ అంటే ఎవరో అమ్మవారనుకున్నాడు.”

సంపూర్ణమ్మ తలెత్తింది.

“నిజం సంపూర్ణం. కొత్త దొర కదా! వచ్చిన కొత్తలో ఊళ్లన్నీ తిరిగాడు. ఒక ఊళ్లో మరిడమ్మ, ఒక ఊళ్లో నూకాలమ్మ, ఇంకో ఊళ్లో పోలేరమ్మ. అన్నీ కాగితం మీద రాసుకున్నాడట. పుస్తకానికని ముందుగా పంపిన మన పాట దగ్గరికొచ్చేసరికి ఏసమ్మ కనపడింది. వీళ్లు యేసు ప్రభువును కూడా అమ్మవారిని చేసి కూర్చోబెట్టారని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. పాట మొత్తం తీసేస్తానన్నాడు.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను?”

“మనిషి పేరండీ, మా పల్లెల్లో ఇంటికో ఏసమ్మ ఉంటుందండీ అంటే సరిపోయేది కదా. ఆ ఒక్క మాటకు మీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“అందామనే నోరు తెరిచాను.” పంతులు గోడకు చేరగిలబడ్డాడు. “ఈలోగా ఆయనే అడిగాడు, మీ గుడిలో పాడే పాటలు మీవేనా అని. మిక్కిలి మంచి పాటలు పంతులుగారూ, అన్నాడు. నేను మిషను బడిలో చేరి ఇరవై రెండేళ్లు. నలుగురు దొరలు మారారు. మూడుసార్లు పాదిరి పట్టం నా చేతిదాకా వచ్చి పక్కవాడికి పోయింది. ఒక్క దొర కూడా నన్ను ‘గారూ’ అనలేదు సంపూర్ణం. ఈయనొక్కడే అన్నాడు. పట్టం ఇప్పిస్తానని మాటా ఇచ్చాడు.”

“దాంతో నోరు మూసుకున్నారు.”

“మూసుకోలేదు. అవునండీ, నావేనండీ అన్నాను.”

చెప్పొద్దూ, సంపూర్ణమ్మ అంత పచ్చి నిజం వస్తుందనుకోలేదు. ఆయన బుకాయిస్తాడని, తను నిలదీస్తుందని, కాస్సేపు కొట్టుకుని ఆఖరికి ఆయనే దిగివస్తాడని అనుకుంది. ఇరవయ్యేళ్ల కాపురంలో వాళ్ల పోట్లాటలన్నీ ఆ దారినే నడిచాయి. ఇప్పుడు నిలదీయడానికి ఏం మిగల్లేదు. ఆమె గబగబా పుటలు తిప్పింది.

“ఈ ఒక్క పాటలోనే దొర కొట్టేశాడు. ఏసమ్మ పాటలు పదకొండు. మిగతా పదింట్లోనూ దాని పేరెవరు కొట్టేశారండీ?”

పంతులు పెరటివైపు కదలబోయాడు.

“అడుగుతున్నాను!”

“ఒకదాంట్లో నా పేరూ, మిగతావాట్లో దాని పేరూ ఉంటే దొర అడగడా? అయినా పాట బతికింది కదా. ఆ రోజు నేను నావేనని అనకపోతే ఆ పాట అచ్చులోకే వచ్చేది కాదు. పేరు పోతే పోయింది, పాట మిగిలింది. నీకు కావలసింది అదే కదా?”

“నాకు కావలసింది ఏసమ్మ,” అంది సంపూర్ణమ్మ.

గుమ్మంలో దగ్గు వినపడింది. యెహెజ్కేలు. చంకలో మద్దెల, చేతిలో కొబ్బరిబొండాల గెల.

“ఏమీ అనుకోకండి పంతులుగారూ. ఆ చరణం సంగతి ఓసారి తేల్చుకుందారని వచ్చానండి. ఆ మూడు మాత్రలు నన్నెక్కడ దించుకోమంటారండి? దొరగారి ముందు నా చెయ్యి తప్పిందంటే పరువు పోద్దండి.”

“కాస్త తొందరగా అనేస్తే సరిపోతుంది యెహెజ్కేలూ.”

“తొందరగానే అంటన్నారండి. నోటికి పెద్ద ముద్ద పెట్టుకున్నట్టుందండి.” అతను గెల అరుగు మీద దించి, సంపూర్ణమ్మ మొహంలోకి చూడకుండా నసిగాడు. “అయితే ఏసమ్మగారిని తీసేసినట్టేనా అండి?”

“దొరగారి నిర్ణయం అది,” అన్నాడు పంతులు.

“ఆవిణ్ణి నేను చూళ్లేదండి. అయినా పదమూడేళ్ల నుంచి ఆదివారం ఆదివారం ఆవిణ్ణి ఏరు దాటిస్తానే ఉన్నామండి. ఇవాళ గట్టు మీద వదిలేసి వచ్చినట్టుందండి, మరేం లేదు.”

అతను వెళ్లిపోయాడు. గంప కింద పుంజు మళ్లీ కూసింది.

ఉన్నట్టుండి సంపూర్ణమ్మకు ఒక సంగతి తట్టింది. పంతులుకు దగ్గరచూపు ఆనక మూడేళ్లయింది. మిషనుకు పంపే ఉత్తరం ముక్క కూడా ఇంకొకరి చేత రాయించవలసిందే. మరి అచ్చుకు వెళ్లిన పదకొండు పాటలూ ఎవరు రాసినట్టు?

“మాణిక్యం!” అని పిలిచింది.

పెరట్లో బిందె చప్పుడు ఆగింది. పద్నాలుగేళ్ల రత్నమాణిక్యం తడిచేతులు ఓణీకి తుడుచుకుంటూ వచ్చి స్తంభం పక్కన నిలబడింది. పొద్దున గుడిలో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ‘జ్ఞానప్రకాశు’ అన్న గొంతు ఆ పిల్లదే. అప్పుడు సంపూర్ణమ్మకు ఆ సంగతి పట్టలేదు.

“అచ్చుకు పంపిన కాగితాలు నువ్వేనా రాసింది?”

పిల్ల పంతులు వైపు చూసింది.

“అటు కాదు, ఇటు చూసి చెప్పు.”

“నేనేనమ్మా.”

“ఎప్పుడు?”

“వేసవిలో. నువ్వు అమ్మమ్మకు జబ్బుగా ఉందని వెళ్లినప్పుడు.”

“మూడు నెలలు! మూడు నెలలుగా నా పక్కలో పడుకుంటున్నావు, నా చేతి ముద్ద తింటున్నావు, పొద్దస్తమానం నాతో ఆ పాటలే పాడుతున్నావు. ఒక్క మాట చెప్పాలనిపించలేదుటే నీకు?”

“నాన్నగారు చెప్పొద్దన్నారమ్మా. పుస్తకం వచ్చాక నువ్వే చూసి సంతోషిస్తావన్నారు.”

“సంతోషిస్తాననే అనుకున్నావా నువ్వు?”

మాణిక్యానికి అబద్ధం అంత తేలిగ్గా నోట రాదు. ఆ గుణం ఎవరిదో సంపూర్ణమ్మకు బాగా తెలుసు.

“అనుకోలేదమ్మా,” అంది తల దించుకుని. అంతలోనే ఆ పిల్లకూ ఉక్రోషం వచ్చింది. “అయినా నాన్నగారు ఏం తప్పు చేశారని పొద్దున్నించీ అన్నం వండకుండా కూర్చున్నావు? ఇన్నాళ్లకు పాదిరిగారు అవుతుంటే నీకు సంతోషమే లేదు. ఎప్పుడో చచ్చిపోయినావిడ! ఆవిడ పేరు ఉంటే ఏంటి, పోతే ఏంటి? అసలు ఆవిడ మనకేమవుతుందమ్మా?”

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“వెళ్లి గుడి ఊడ్చిరా అమ్మా. దొరగారొచ్చే వేళవుతోంది,” అన్నాడు పంతులు మెల్లగా. పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఏసమ్మ ఏమవుతుందా? దొరసాని బడిలో ఒక్క ఏడాది సంపూర్ణమ్మకు పక్క పలక. రెండో ఏడు నాట్లకు మనిషి కావాలని తండ్రి వచ్చి ఏసమ్మను తీసుకుపోయాడు. అచ్చులు దాటి హల్లుల్లోకి రాకుండానే దాని చదువు ముగిసింది. మళ్లీ పదేళ్లకు, పంతులుకు ద్రాక్షారామం పక్క పాలెంలో బడి ఇచ్చినప్పుడు, చేలో నడుం వంచి నాట్లేస్తూ కనపడింది. అప్పటికి పడవ నడిపే జీవరాజు పెళ్లాం. ‘ఒసే సంపూర్ణం, నువ్వటే!’ అని బురద చేతులతోనే వచ్చి వాటేసుకుంది. దానికి పాటలు పుట్టుకొచ్చేవి. చేలో కట్టేది, సాయంత్రం వచ్చి సంపూర్ణమ్మకు అప్పజెప్పేది. ‘నాకు రాయడం రాదు, నువ్వే నా పుస్తకం’ అనేది.

గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు జీవరాజు పోయిన రెండో రోజుకు ఏసమ్మకూ వచ్చింది. వాంతులతో గొంతు పూడుకుపోయింది. పది నెలల పిల్లను సంపూర్ణమ్మ ఒళ్లో పెట్టించింది. ‘పాటలూ నావే, పిల్లా నాదే. రెంటికీ నా పేరు చెప్పవే సంపూర్ణం. దానికి పన్నెండేళ్లొచ్చాక చెప్పు, అప్పుడైతే ఏడిచినా తట్టుకుంటుంది’ అంది. సంపూర్ణమ్మ బైబిలు మీద చెయ్యి వేసి ఒప్పుకుంది.

నెల తిరక్కుండా మిషను ఈ దంపతులను భీమవరం ఇవతలి ఈ పల్లెకు మార్చింది. రేవులో పడవ దిగుతుంటే ఎవరో ముసలమ్మ పిల్ల బుగ్గ పుణికి, ‘పంతులమ్మగారి బిడ్డా? ముక్కు అచ్చం మీదేనండి’ అంది. పెళ్లయి ఏడేళ్లయినా కడుపు పండని సంపూర్ణమ్మ ‘అవునమ్మా, నా బిడ్డే’ అంది. అదొక్క మాటే. ఆ తర్వాత పదమూడేళ్లు దాన్ని మళ్లీ అనవలసిన అవసరమే రాలేదు. పాటలకు ఏసమ్మ పేరు చెప్పింది. పిల్లకు చెప్పలేదు.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు పంతులు. గొంతులో కోపం లేదు, అదే ఆమెకు మరీ భయం వేసింది. “పిల్ల అడిగింది కదా, ఆవిడ మనకేమవుతుందని. జవాబు చెప్పకపోయావేం?”

“మాట తప్పించకండి.”

“తప్పించడం కాదు. నేను దొంగనే, కాదనను. పాటలోంచి దాని పేరు తీసేశాను. నువ్వు పిల్ల దగ్గర తీసేశావు. రెంటిలో ఏది పెద్ద దొంగతనమో నువ్వే చెప్పు. పన్నెండేళ్లు వచ్చాయి, చెప్పేద్దాం సంపూర్ణం అని రెండుసార్లు నేనే అన్నాను. రెండుసార్లూ ఏడిచి నా నోరు మూయించావు.”

సంపూర్ణమ్మ పుస్తకం మూసేసింది.

“దొర ముందు నువ్వు నోరు విప్పావనుకో, ఏసమ్మ ఎవరని ఆయన అడుగుతాడు. మొదట్నించి చివరిదాకా చెప్పవలసిందే. అప్పుడు నాకు పట్టం పోతుంది. నీకేం పోతుందో చూసుకో.”

అదీ సంగతి. కట్టుకున్నవాడు ఆమె పిరికితనాన్ని ఇన్నేళ్లు కడుపులో దాచుకుని, అవసరం వచ్చిన రోజున తీసి గొంతు మీద పెట్టాడు. పాటలు దొంగిలించినందుకు కలిగిన బాధ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇంకెవరన్నా ఆ మాట అంటే జుట్టు పట్టుకునేది. కానీ ఆయన అన్నది నిజం.

లేచి పొయ్యి రాజేసింది.

పంతులు బరువు దిగినవాడిలా ఊపిరి పీల్చుకుని, తెల్ల కోటు వెతుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. కోడి కోసిపెట్టడానికి యెహెజ్కేలు కోడలు వచ్చింది. పంతులమ్మగారికి తలనొప్పి తగ్గిందా అని పలకరించింది. తగ్గిందమ్మా అంది సంపూర్ణమ్మ. మసాలా నూరింది, అన్నం వార్చింది. ఆ చేతులు చేసే పని చేస్తూనే ఉన్నాయి. ఆమె నోటివెంట మాత్రం రోజూలా పాట రాలేదు.

మూడింటికి మాణిక్యాన్ని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వడానికి మొదలెట్టింది.

“కోపం పోయిందామ్మా?” అని అడిగింది పిల్ల తల తిప్పకుండానే.

“నీమీద కోపమేంటే?”

“ఆవిణ్ణి అలా అనకుండా ఉండాల్సింది. నీకు ఆవిడంటే ఎంత ప్రేమో నాకు తెలుసు. నువ్వు చెప్పీ చెప్పీ నాకు కూడా ఆవిణ్ణి చూసినట్టే ఉంటుంది. బురద చేతులతో నిన్ను వాటేసుకోవడం, నీ కొత్త చీర పాడవడం...” పిల్ల నవ్వింది. “ఆవిడకి పిల్లల్లేరా అమ్మా?”

దువ్వెన ఆగిపోయింది.

ఇదే సమయం. పంతులు రేవుకు వెళ్లాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు, పిల్ల మనసు మెత్తగా ఉంది. ‘ఉందే, ఒక్కతే ఉంది’ అంటే సరి. సంపూర్ణమ్మ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుంది. వెచ్చటి ఆ తల, తన చేతికి అలవాటైన ఆ జుట్టు. నూనె రాసి, చిక్కు తీసి, జ్వరం వస్తే ఒళ్లో పెట్టుకుని పెంచిన తల. ఇది నాది కాదని తన నోటితో ఎలా అంటుంది?

“జడ గట్టిగా వేశానా?” అంది.

ఏసమ్మను తనే బతికిస్తున్నానని ఇన్నాళ్లూ గర్వపడింది పాపం. పాట పాడినప్పుడల్లా ఏసమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. స్నేహితురాలిగా బతికించుకుంది, నిజమే. తల్లిగా మాత్రం గత్తర చంపిన దానికన్నా గట్టిగా చంపేసింది. ఆ సంగతి ఇవాళ తెలిసివచ్చి, పిల్ల వీపు వెనక కూర్చుని చప్పుడు కాకుండా ఏడిచింది.

దొరగారి పడవ రాగానే గంట కొట్టారు. గుడి నిండిపోయింది. దొరగారికి బడి నుంచి తెచ్చిన కుర్చీ, పక్కన తెల్ల కోటులో జ్ఞానప్రకాశం పంతులు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, ముందు వరసలో చాప మీద సంపూర్ణమ్మ. దొర సన్నగా, కుర్రవాడిలా ఉన్నాడు. పుస్తకం చదివినట్టు ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడతాడు.

“మీ పంతులుగారు పాటలు కట్టువారని మాకు మొదట తెలియలేదు. పదకొండు పాటలు! వచ్చే నెల రాజమండ్రిలో వారికి పాదిరి పట్టము ఇచ్చెదము. ఇది మీకు చెప్పుటకే వచ్చితిమి.”

జనం ‘స్తోత్రం’ అన్నారు. పంతులు చేతులు జోడించాడు. ఆ మొహంలో సంతోషం చూస్తే సంపూర్ణమ్మకు ఒక్క క్షణం జాలి కూడా వేసింది. ఇరవై రెండేళ్లు మరి.

“ఆ పాట వినవలెను,” అన్నాడు దొర.

మాణిక్యం లేచి దొర కుర్చీ పక్కకు వెళ్లి నిలబడింది. యెహెజ్కేలు మద్దెల ఒళ్లోకి లాక్కుని, ఎందుకైనా మంచిదని శ్రుతి సరిచూసుకున్నాడు. దొర ఆ పిల్లను చూసి చిరునవ్వు నవ్వాడు.

“నీవు వారి కుమార్తెవా? మీ తండ్రిగారు ఈ పాట ఎప్పుడు కట్టిరి?”

పంతులు కంగారుపడ్డాడు. ఇలాంటి ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. తండ్రి కంగారు పిల్ల చూసింది. అబద్ధం నోట రాని పిల్ల, తండ్రి కోసం, నిండు సంఘంలో, జంకూ గొంకూ లేకుండా కల్పించి చెప్పింది.

“నేను పసిపిల్లగా ఉన్నప్పుడండి. నన్ను ఉయ్యాల్లో వేసి నిద్రపుచ్చుతూ కట్టారండి. ఈ పాట నా కోసమే కట్టారండి.”

“చాలా సంతోషము!” అన్నాడు దొర.

సంపూర్ణమ్మ ఇక కూర్చోలేకపోయింది. ఎందుకంటే అందులో అక్షరం అబద్ధం లేదు. చేను గట్టున రెండు వెదుళ్లు పాతి, పాత చీరతో ఉయ్యాల కట్టి, నాలుగు వరసలు నాటి ఒకసారి వచ్చి ఊపిపోతూ, ఆ ఊపుకే ఏసమ్మ ఈ పాట కట్టింది. సంపూర్ణమ్మ కళ్లారా చూసింది. కూతురు తల్లి జోలపాటను ఇంకొకరి పేరున సాక్ష్యం చెబుతోంది, చెబుతున్నానని తనకే తెలియదు.

“దొరగారూ,” అంది లేచి నిలబడి.

“సంపూర్ణం, కూర్చో,” అన్నాడు పంతులు.

“ఉయ్యాల మాట నిజమేనండి దొరగారూ. ఈ పాట ఈ పిల్ల కోసం కట్టిందే. కట్టింది మాత్రం ఈయన కాదండి. ఏసమ్మ. మీరు ఎర్ర సిరాతో కొట్టేసిన ఏసమ్మ. అది అమ్మవారు కాదండి, మనిషి. నాట్లేసుకుని బతికిన మనిషి. అక్షరాలు రావు. పదకొండు పాటలూ దానివే. నా చేతుల్లో పోయింది.”

“సంపూర్ణం!”

“పోతూ పోతూ ఈ పిల్లను నా ఒళ్లో పెట్టింది. మాణిక్యాన్ని నేను కనలేదండి. ఏసమ్మ కన్నది.”

ఆడవాళ్లలో ఎవరో ‘అయ్యో తండ్రీ’ అన్నారు. యెహెజ్కేలు చెయ్యి మద్దెల మీదే ఉంది గానీ వాయించలేదు. దొరకు సగమే అర్థమైంది కాబోలు, “ఆమె ఏమనుచున్నది? నిజమా?” అని పంతులును అడిగాడు. పంతులు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మాణిక్యం ముందు అతని వైపే చూసింది. నాన్నగారు కసురుకుంటారని, అమ్మకు మతి పోయిందని అంటారని చాలాసేపు చూసింది. అతను తలెత్తలేదు.

అప్పుడు ఆ పిల్ల కుర్చీ పక్క నుంచి కదిలి, మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య ఉన్న ఖాళీలోంచి నడిచి వచ్చి, సంపూర్ణమ్మకు బారెడు దూరంలో ఆగింది. సంపూర్ణమ్మ రెండు చేతులూ చాచింది. పిల్ల ఆ చేతుల్లోకి రాలేదు. కళ్లలో నీళ్లు కూడా లేవు.

“నాకీ సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నారు, పంతులమ్మగారూ?” అని అడిగింది.